ఎంగిలి నాడె

మా అక్క తంగమ్మ గురించి ఇప్పుడు రెండు రకాల మాటలు నడుస్తున్నాయి. హత్య కేసులోంచి బయటపడి మళ్లీ మగ్గం ముందు నిలబడిన గట్టి మనిషి అని కొందరంటారు. మొదటి రోజే నోరు విప్పి ఉంటే జైలు మొహం చూసేది కాదు, ఒట్టి మొద్దు అని మిగతావాళ్లంటారు. నేను ఆమె చెల్లెల్ని, పేరు బృంద. కోవిల్‌పట్టి బస్టాండు పక్కన కడలై మిట్టాయి, అదే పల్లీపట్టీ, అమ్మే అంగట్లో కూర్చుంటాను కాబట్టి ఈ రెండు మాటలూ రోజూ నా చెవిన పడతాయి. పొట్లం కట్టి ఇస్తూ నవ్వి ఊరుకుంటాను గానీ లోపల ఒళ్లు మండిపోతుంది. అక్క గట్టిదీ కాదు, మొద్దూ కాదు. మా అమ్మ తోడబుట్టినవాణ్ణి నమ్మింది, అంతే.

ఆ తోడబుట్టినవాడి పేరు రామసుబ్బు. మా మేనమామ. మా ఇద్దరికీ ఆయన ఒళ్లో కూర్చోబెట్టే చెవులు కుట్టించారు. నాన్న పోయినప్పుడు అక్కకు ఇంకా ఓణీ కూడా వెయ్యలేదు. మామ విరుదునగర్ నుంచి వచ్చి, కర్మలు అయ్యేదాకా ఉండి, వెళ్లేటప్పుడు అక్కను వెంటబెట్టుకుని వెళ్లాడు. పవర్‌లూమ్ షెడ్డులో తన పక్క మగ్గం మీద పెట్టించి పని నేర్పాడు. తెగిన దారం ముడెయ్యడం, మగ్గం చప్పుడును బట్టి ఎక్కడ తప్పు జరుగుతోందో పట్టుకోవడం, అన్నీ ఆయన దగ్గరే వచ్చాయి. అక్క పెళ్లికి మేళం ముందు నడిచినవాడూ ఆయనే. ఇంకా ఆయన అనే రాస్తున్నాను చూడండి, అలవాటు పోలేదు.

ఇక్కడ నాడె గురించి చెప్పకపోతే తక్కింది అర్థం కాదు. నాడె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే బరువైన కొయ్య, చిన్న పడవలా ఉంటుంది. రెండు కొనలకూ ఇనుప మొనలు. దాని కడుపులో దారం చుట్టిన కండె పెడతారు. కండె అయిపోయినప్పుడల్లా కొత్తది పెట్టి, నాడె పక్కనున్న చిన్న కంతకు నోరు ఆనించి గట్టిగా పీలిస్తే దారం కొన బయటికి వస్తుంది. రోజుకు ఎన్నిసార్లు పీలుస్తారో లెక్కపెట్టిన నేతగాడు లేడు. చిన్న కొక్కెం తీగతో కూడా లాగొచ్చు. కానీ చెయ్యి తిరిగినవాళ్లకు నోటి పనే తొందర.

మాది చేమగ్గాల నాటి నుంచి వచ్చిన ఇంటి వరస. షెడ్డులో చేరినా మావాళ్లు పాత పట్టింపు వదల్లేదు. ఎవరి నాడె వాళ్లదే. దాని మీద కాల్చిన గుర్తు ఉంటుంది. ఆయుధ పూజ రోజు పసుపు కుంకుమ పెట్టుకుంటాం. ఒకరి నాడెకు ఇంకొకరు నోరు పెట్టరు. పెడితే ఎంగిలి. మగవాడి నాడెకు పెళ్లయిన ఆడది నోరు పెట్టిందంటే, ఒకే కంచంలో తిన్నట్టు లెక్క. బయటివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. మాకు మాత్రం పరువుకు సంబంధించిన సంగతి.

ఒక చలికాలం మామకు గాలి కొట్టి మూతి ఎడమవైపుకు లాగేసింది. మందులు వాడితే చాలావరకు సర్దుకుంది. మాట బాగానే వచ్చింది, తిండీ బాగానే తిన్నాడు. చూసేవాళ్లకు ఏమీ తెలియదు. కానీ ఎడమ పెదవి మూల బిగుసుకోవడం మానేసింది. నాడెకు నోరు పెట్టి పీలిస్తే గాలంతా ఆ మూలనుంచే పోయేది. కొక్కెం తీగ వాడదామంటే కళ్లలో శుక్లాలు, కంత కనబడదు. అప్పటికే షెడ్డు యజమాని పాండియరాజన్ నాడె లేని కొత్త మగ్గాలు తెప్పించి ముసలివాళ్లను ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్నాడు. మామ అక్కతో ఒకటే మాట చెప్పాడట.

"తంగా, నోట్లో గాలి నిలిచేది లే. ఎవురికీ చెప్పవాకు తల్లీ. తెలిసెనంటే నన్ను గేటు కాడ గూడా నిలవనియ్యరు."

"నీకేంటికి మామా ఆ దిగులు, నేను ఉండాను గదా" అందట మా అక్క.

అలా ఉంటుంది మా అక్క వరస. ఎవరైనా అడిగేలోపే ఆమె చెయ్యి చాచేస్తుంది. మామ మగ్గానికి రెండు నాడెలు. ఒకటి మగ్గం మీద పరిగెడుతుంటే రెండోది పక్కన ఎదురుచూస్తుంది. అక్క అటుగా వెళ్తూ ఆ రెండోదాన్ని తీసి, గోడవైపు తిరిగి, కండె పెట్టి, నోటితో దారం పీల్చి, ఏమీ ఎరగనట్టు పెట్టేసి వచ్చేది. షెడ్డులో పక్కవాడి మాటే వినబడదు, ఎవరు ఎటు తిరిగారో ఎవరు చూస్తారు? ఏళ్ల తరబడి అలా గడిచింది. నాకు కూడా చెప్పలేదు. బావకూ చెప్పలేదు.

పాండియరాజన్ చచ్చిపోయిన రోజు పొద్దున అక్క ఆయనతో గొడవపడింది. వచ్చే నెల నుంచి రామసుబ్బు రానక్కర్లేదని ఆయన అందరి ముందూ అన్నాడు.  అక్కే ముందుకొచ్చి, "ఈ మగ్గాలు నువ్వు పుట్టకముందు నుంచీ తోలుతున్న మనిషి, ఆయన్ని పంపేదానికి నీకు మనసెట్లా వచ్చింది" అని అరిచింది. ఆ గోల షెడ్డంతా విన్నది. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఉక్కకు దాదాపు అందరూ బయట టీ కొట్టు నీడకు వచ్చారు. అక్క తూక్కుచట్టి, అదే అన్నం క్యారియరు, మర్చిపోయానని లోపలికి వెళ్లి తెచ్చుకుంది. కరెంటు వచ్చాక లోపలికి వెళ్లినవాళ్లకు నూలు గోతాల వెనక పాండియరాజన్ పడి కనిపించాడు. కణత మీద దెబ్బ. పక్కన నెత్తురంటిన నాడె. దాని మీద మామ గుర్తు.

పోలీసులు అందరినీ అడిగినట్టే అక్కనూ అడిగారు. ఈ నాడెను ఎప్పుడైనా తాకావా అని. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"లేదయ్యా. అది మా మామది. ఆయన నాడె నేనెందుకు తాకుతాను?"

ఆ ఒక్క మాటతో తన మెడకు తనే ఉరి బిగించుకుంది. దాచిపెట్టిందే గానీ, హత్యను కాదు, ఒక ముసలివాడి పెదవిని. అందులో తప్పేముంది అనుకుంది. తరువాత షెడ్డులో అందరి దగ్గరా రక్తం తీసుకుని పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చింది. నాడె మీది నెత్తురు చనిపోయినవాడిది. కంత చుట్టూ ఎండిన ఎంగిలి తంగమ్మది. మామ ఎంగిలి దాని మీద ఎక్కడా లేదు.

ఆ నాడె మామది. ఆయన ఎంగిలి దానిమీద లేకపోవడమే ఆయన్ని కాపాడింది. లేకపోవడానికి కారణం మా అక్కకూ ఆయనకూ మాత్రమే తెలుసు. 

అక్కను పట్టుకెళ్లారు. బెయిలు రాలేదు. బావ సెల్వరాజ్ ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో లారీ తోలుతాడు. మంచివాడే. కానీ "వేరే మగవాడి నాడె మీద నీ ఎంగిలి ఎందుకుంది?" అని జైలుకు వెళ్లి మరీ అడిగి వచ్చాడు. అక్క వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయిందట. ఆ తరువాత ఆయన రాకపోకలు తగ్గాయి. నేను మాత్రం ప్రతి ములాఖత్‌కీ వెళ్లేదాన్ని. ఎన్నిసార్లు బతిమాలినా ఆమె ఒకటే పాట.

"మామ చెప్తాడు బృందా. కోర్టులో సాచ్చి పిలుస్తారు గదా, అప్పుడు ఆయనే చెప్తాడు."

"ఏం చెప్తాడక్కా? నాకన్నా చెప్పు."

"ఆయన నోటినుంచిదా రావాల. నేను మాటిచ్చినాను."

ఇక నేనేం చెయ్యను? మా వకీలు మహేశ్వరిప్రియ చిన్న వయసు మనిషి, ఓపిక ఎక్కువ. ఆమెకే చిరాకు పుట్టింది. నీ అక్క నాకే నిజం చెప్పకపోతే నేను ఎవరి కోసం వాదించాలి అని నా మీద ఎగిరింది.

విచారణలో ముందు లేబొరేటరీ నుంచి వచ్చిన నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. డీఎన్ఏ అంటే చాలు, ఇక దేవుడొచ్చి చెప్పినట్టే అనుకుంటారు జనం. నేనూ అలాగే భయపడ్డాను. ఆ మనిషిని చూడగానే మనసులో శాపనార్థాలు పెట్టాను. కానీ ఆయన మాటలు వింటుంటే కోపం నిలవలేదు. ఎంగిలి తంగమ్మదేనా అంటే, అందులో సందేహం లేదన్నాడు. మహేశ్వరిప్రియ లేచింది.

"అది ఎప్పుడు అంటిందో చెప్పగలరా? హత్య రోజా, అంతకుముందా?"

"చెప్పలేను."

"నాడెను పట్టుకుని కొట్టిన చెయ్యి ఎవరిది?"

"కొయ్య మీద నూనె ఉంది, చాలామంది చేతుల ఆనవాళ్లు కలిసిపోయాయి. విడదీయడం వీలుకాలేదు."

"మరి మీ రిపోర్టు ఏం చెబుతున్నట్టు?"

"ఎంగిలి ఎవరిదో చెబుతుంది. అక్కడికి ఎలా వచ్చిందో మనుషులే చెప్పాలి" అన్నాడాయన.

ప్రభుత్వ వకీలు దానికీ సిద్ధంగానే ఉన్నాడు. ఎప్పుడు అంటిందన్నది కాదు, తాకనే లేదని చెప్పిన మనిషి ఎంగిలి దాని మీద ఉంది, అబద్ధం ఎందుకాడింది అని అడిగాడు. జడ్జి తల పంకించారు.  అక్క మాత్రం బోనులో నిలబడి తలుపు వైపే చూస్తోంది. తరువాతి సాక్షి మామ.

ఉతికిన పంచె, నుదుట విభూతి. పెళ్లిచూపులకు వచ్చినట్టు వచ్చాడు. ఆయన్ని చూడగానే బోనులో ఉన్న అక్క ముఖం విప్పారింది. నేను చూశాను, దేవుడి తోడు, ఆమె నవ్వింది. ఆయన ఆమె వైపు చూడలేదు. ఇంట్లో మేమందరం తెలుగే మాట్లాడుకుంటాం, గడప దాటితే తమిళం. కోర్టులో తమిళమే గనక ఆయన తమిళంలోనే చెప్పాడు. నా నాడెకు నేనే నోరు పెడతాను, ఇంకెవరినీ తాకనివ్వను, అది మా కుల మర్యాద అన్నాడు. ఆ రోజు వాడింది మగ్గం మీదున్న నాడెనే, రెండోది ఊరికే పడి ఉంది, నీళ్లతో కడిగి పెట్టాను, తంగమ్మ దాన్ని ఎప్పుడు తీసిందో నాకు తెలియదు అన్నాడు. గొంతు వణకలేదు. పొద్దున జరిగిన గొడవ గురించి అడిగితే, "దానికి కోపం ఎక్కువయ్యా, చిన్నప్పటి నుంచీ అంతే" అన్నాడు.

నాన్న లేని పిల్లను తెచ్చి పెంచినవాడు అన్నాడు ఆ మాట. ఆమె గొడవపడింది ఎవరి కోసం? నాకు అక్కడికక్కడే లేచి ఆయన విభూతి తుడిచెయ్యాలనిపించింది. పక్కనున్న పోలీసావిడ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

తరువాతి ములాఖత్‌లో అక్క నా ముందు కూర్చుంది. ఏడవలేదు. తరువాత అన్నీ చెప్పింది, మామ పెదవి, గోడవైపు తిరగడం, రెండో నాడె, అన్నీ. చెబుతున్నప్పుడు కూడా ఆయన మీద ఒక్క చెడు మాట రాలేదు.

"బయపడి ఉంటాడే" అంది. "నాడె ఆయనది. నా ఎంగిలి ఎట్ల వచ్చెనో చెప్తే, మరి కొట్టింది నువ్వా అని ఆయన్నిదా అడుగుతారు."

"అడగనీ! అయితే నువ్వు పోతావా ఆయన బదులు?"

 మామ కొట్టాడా లేదా అన్నది నాకు తెలియదు. కరెంటు పోయినప్పుడు షెడ్డు వెనక పడుకున్నానని చెప్పాడు, చూసినవాళ్లు లేరు, కాదన్నవాళ్లూ లేరు. కొట్టలేదనే అనుకుంటాను. కానీ ఆయన చేసింది నాకు హత్య కన్నా తక్కువగా కనిపించదు. ఆమె ఊపిరి పీల్చుకుని ఏళ్ల తరబడి బతికి, ఆ ఊపిరినే ఆమెకు ఎదురు తిప్పాడు.

నేను బయటికి వచ్చి నేరుగా మహేశ్వరిప్రియ దగ్గరికి వెళ్లాను. ఆమె అంతా విని, "మీ విరుదునగర్‌లో కొత్త నాడె ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగింది.

మామను మళ్లీ పిలిచిన రోజు ఆమె చేతిలో ఆ నాడె ఉంది. దాంతోపాటు నూలు కండె. జడ్జి అనుమతి తీసుకుని రెండూ మామ ముందు పెట్టింది.

"అయ్యా, మీ నాడెకు మీరే నోరు పెడతానన్నారు. ఒకసారి దారం పీల్చి చూపించండి."

ప్రభుత్వ వకీలు అడ్డుపడ్డాడు. ఇందులో కష్టమేముంది, నేతగాడికి రోజూ చేసే పనే కదా అంది ఈమె. జడ్జి చెయ్యమన్నారు. మామ కండె పెట్టాడు. చేతులు మాత్రం ఎంత తీరుగా కదిలాయో. నాడెను నోటికి ఆనించాడు. బుగ్గలు లోపలికి పోయాయి, ఎడమ మూలనుంచి గాలి సుయ్ మంది. దారం రాలేదు. మళ్లీ పీల్చాడు. మళ్లీ. పెదవి మూలనుంచి చొంగ కారి గడ్డం మీదికి, అక్కడినుంచి ఉతికిన చొక్కా మీదికి జారింది.  నాకు ఆనందం కలగాలి. కలగలేదు. ఆయన ముసలితనం అందరి ముందూ బట్టలు లేకుండా నిలబడ్డట్టుంది, అందుకు కూడా నాకు ఆయన మీదే కోపం వచ్చింది.

అప్పుడు బోనులోంచి అక్క చెయ్యి బయటికి వచ్చింది. కటకటాల మీదుగా, పూర్తిగా చాచి.

"ఇట్ల ఇయ్యి మామా, నేను పీలుస్తా" అంది.

రోజూ చేసే పనికి అన్నట్టే అంది, గొంతు కూడా పైకెత్తలేదు. పోలీసావిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేసరికి గానీ అక్కకు తను ఎక్కడుందో తెలియలేదు. జడ్జికి తెలుగు రాదు. మామ వైపు తిరిగి, ఆమె ఏమంటోంది అని అడిగారు.

మామ నాడెను రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడైనా చెప్తాడనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"తెలియదయ్యా" అన్నాడు. "ఏ బాషో, నాకు అర్థం కాలే."

మా అమ్మ మాట్లాడిన మాట. ఆయన తల్లి ఆయనకు నేర్పిన మాట. అది ఏ భాషో తెలియదన్నాడు.

జడ్జి కాసేపు ఆయన గడ్డం మీది తడి వైపు చూశారు. తరువాత అక్క వైపు తిరిగి, నువ్వే తమిళంలో చెప్పమ్మా అన్నారు. అక్క చెప్పింది. తల వంచుకుని, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు, ఆ నాలుగు మాటలే చెప్పింది. 

తీర్పులో, ఎంగిలి ఎవరిదో పరీక్ష తేల్చింది గానీ అది చంపినప్పుడు అంటిందని తేల్చలేదు, రోజూ పనిలో అంటి ఉండొచ్చని ఈ కోర్టు కళ్లారా చూసింది అని రాశారట. అక్కను వదిలేశారు. పోలీసులు మామను కూడా పిలిచి అడిగి పంపేశారు, ఆయన మీద నిలిచేది ఏదీ దొరకలేదు. పాండియరాజన్‌ను ఎవరు చంపారో ఇంకా తేలలేదు. ఆయన భార్య ఇప్పటికీ మా అక్కను చూస్తే ముఖం తిప్పుకుంటుంది. ఆమెను ఏమనగలం?

అక్కను వదిలిన రోజు జైలు గేటు దగ్గర మామ నిలబడి ఉన్నాడు. పంచె కొసతో మూతి తుడుచుకుంటున్నాడు.

"తంగా, నేను ముసలోణ్ణి, జైల్లో చచ్చిపోతాను. నువ్వైతే ఎట్లనో బయటికి వస్తావని..." అన్నాడు. ఇప్పుడు తెలుగు చక్కగా వచ్చింది.

అక్క ఆగలేదు. ఆయన పక్కనుంచే నడిచి వెళ్లి బస్సెక్కింది. బావ ఇంటికి కాదు, నాతో కోవిల్‌పట్టికే వస్తానంది. తరువాత బావ వచ్చి తీసుకెళ్లాడు, ఇప్పుడు ఆమె వేరే షెడ్డులో పని చేస్తోంది, మెడలో తాడుకు కొక్కెం తీగ కట్టుకుని దాంతోనే దారం లాగుతుంది. పని నెమ్మది. నాడెకు మాత్రం నోరు పెట్టదు.

ఆ రోజు సాత్తూరులో బస్సు ఆగితే వెళ్లరికాయలు, అదే దోసకాయలు, అమ్మేవాళ్లు కిటికీల దగ్గరికి వచ్చారు. నేను ఒకటి కొని, ఉప్పూ కారం రాయించి ఆమెకు ఇచ్చాను. తీసుకుంది గానీ తినలేదు. నేను ఉండబట్టలేక అడిగేశాను.

"మామ మింద కోపం ఉండాదా అక్కా?"

అక్క వెళ్లరికాయను నా ఒళ్లో పెట్టింది. కుడి చెయ్యిని ఎడమ చేత్తో పట్టుకుని, ఎవరిదో అన్నట్టు చూసింది.

"ఆయన పోనీ. ఆయన కోర్టులో మొదటి రోజు అట్ల చెప్పిందంతా నా చెవులతో విన్నాను గదే. విన్నాంక గూడా ఈ చెయ్యి పోయె చూడు, ఆయన కాడికే" అంది. "దీన్ని ఏంజేసేది బృందా నేను?"